పెద్దాయన లాగిన్

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసులో నేనొక్కదాన్నే. ఏసీ ఆపేశారు. పాత కార్పెట్ వాసన, సర్వర్ గదిలోంచి ఎడతెగని హోరు. వారం రోజులుగా సరైన నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి.

చెప్పుకుంటే చిన్న పనే. మావాళ్ళు రాసిన కోడ్‌ను దానంతటదే ప్రోగ్రాముగా తయారుచేసే బిల్డ్ సర్వర్ ఒకటుంది. ఇన్నాళ్ళూ దాని పాస్‌వర్డ్‌లు దానివే. ఇకమీదట క్లౌడ్‌లోని ఉద్యోగుల డైరెక్టరీ ఎవరిని ఒప్పుకుంటే వాళ్ళకే ప్రవేశం. "సాయంత్రానికి అవకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు మేనేజరు పొద్దున, కాఫీ తాగుతూ. ఇంట్లో నేనూ, పదేళ్ళ కూతురూ. ఈ జీతం తప్ప వేరే దిక్కు లేదు.

డైరెక్టరీకి కలిపాను. సేవ్ నొక్కాను. సర్వర్ నన్నే బయటికి తోసేసింది. అప్పుడు గుర్తొచ్చింది, అడ్మిన్ల జాబితాలో నా పేరు చేర్చనే లేదని! కూర్చున్న కొమ్మనే నరుక్కున్నాను. ఇన్నాళ్ళూ అందరం మా ఆఫీసు పెద్దాయన లాగిన్‌తోనే పని కానిచ్చేవాళ్ళం. ఆ సర్వర్‌ను నిలబెట్టింది ఆయనే. పాపం, సెలవంటే ఎరగని మనిషి. మూడు నెలల క్రితం పనిలో ఉండగానే పోయారు. జాబితాలో ఉన్నది ఆయన పేరొక్కటే.

డైరెక్టరీలోంచి ఆయన పేరు ఇంకా తీసెయ్యలేదు; పాస్‌వర్డ్ కూడా పాతదే, అందరికీ తెలిసిందే. కొట్టాను. కొత్త డైరెక్టరీ అంతటితో ఊరుకుంటుందా? "మీ ఫోన్‌లో అనుమతించండి" అంది.

ఆ ఫోన్‌ను వాళ్ళావిడ ఆయన పక్కనే పెట్టి పూడ్పించింది.

ఏడుపొచ్చింది. బల్ల మీద తల వాల్చేశాను. "ఒక్కసారి రండి సార్... ఇక నా వల్ల కావడం లేదు," అన్నాను.

సర్వర్ హోరు ఆగింది.

తడి మట్టి వాసన... మెల్లగా తలెత్తాను. తెర మీద ఒకే మాట.

"అనుమతించారు."

ఎవరు?

అయినా... నిజం చెబుతున్నాను, ముందు నా పేరే చేర్చుకున్నాను. ఉద్యోగం నిలిచింది. సిగ్గులేకుండా హమ్మయ్య అనుకున్నాను.

ఫోన్ మోగింది. నా కూతురు.

"ఏంటి తల్లీ?"

"మెల్లిగా మాట్లాడమ్మా..." గుసగుసగా అంది. "మీ ఆఫీసు తాతగారు వచ్చారు. నువ్వే రమ్మన్నావట కదా?"

బ్యాగు అందుకుని తలుపు వైపు పరుగెత్తాను.

"చాలా అలసిపోయారట. నీ మంచం మీద పడుకున్నారు."

"బయటికి... బయటికి వచ్చెయ్ తల్లీ!"

"ఎలా రానమ్మా? నా చెయ్యి పట్టుకునే నిద్రపోయారు."