మాటొచ్చిన పిల్ల

వార్దెకి కోడలి మీదున్న ఫిర్యాదులు ఏకరువు పెట్టాలంటే ఒక రోజు చాలదు గాని, మనవరాలి మీద మాత్రం ఒక్కటే ఉండేది. పిల్ల ఒంటిమీద నీళ్ళు పడనివ్వదు. స్నానం మాటెత్తితే చాలు, మంచం కిందకి దూరిపోతుంది. శనివారం సాయంత్రం అత్తా కోడలూ చెరో రెక్కా పట్టుకుని లాక్కొచ్చి తొట్లో కూర్చోబెడితే, ఆ గోలకి పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు.

"మీ పుట్టింటి పోలికే. మీ అన్నదమ్ములు కూడా పండక్కి పండక్కి స్నానం చేసే రకమేగా" అనేది వార్దె.

కోడలు జోస్లీన్ పిల్ల తల తుడిచి ముద్దు పెట్టుకునేది. మూడు కడుపులు పోయాక నిలిచిన ఒక్కగానొక్క పిల్ల తక్లా. స్నానం చెయ్యకపోతే పోయింది, పిల్ల కళ్ళముందు తిరుగుతుంటే చాలు అనుకునే తల్లి ఆమె.

వాళ్ళ ఊరు లెబనాన్ కొండల్లో, లోయకి ఈవల. ఆవల ద్రూజులనే వేరే మతం వాళ్ళ ఊరు. యుద్ధంలో ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయిన ఈవలి క్రైస్తవులు ఈమధ్యే తిరిగొచ్చి గోడలకి సున్నాలు వేసుకుంటున్నారు. ఇప్పుడు ఒకరి పండక్కి ఒకరు మిఠాయిలు పంపుకుంటారు, ఒకరింట్లో చావుకి ఒకరు వెళ్ళి కూర్చుంటారు. ఎక్కడా మాట తూలనివ్వరు. అంత మర్యాద పాటిస్తున్నారంటే లోపల ఎంత భయం ఉందో ఊహించుకోవచ్చు.

ఆలివ్ కాయలు దులిపే రోజుల్లో ఒక మధ్యాహ్నం, తింటూ తింటూ తక్లా చెంచా కింద పెట్టింది.

"నా పేరు ఇది కాదు" అంది.

"మరేంటో మీ పేరు, రాణీగారూ?" అంది వార్దె.

"నాయిఫా. నా ఇల్లు అవతలుంది. నీలం తలుపు. సంపులో పడ్డాను. తాడు తెగింది."

వార్దె చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది. నాయిఫా... వాళ్ళ చుట్టుపక్కల చర్చికెళ్ళే ఇళ్ళలో ఎవరూ పెట్టుకోని పేరు. అవతలి వాళ్ళ పేరది. ఆవిడ సిలువ గుర్తు వేసుకుని, లేచి వెళ్ళి వీధి తలుపు మూసొచ్చింది.

అవతలివాళ్ళ నమ్మకం ఈ కొండల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మనిషి పోయిన ఆ క్షణానే ప్రాణం అప్పుడే పుట్టిన ఇంకో బిడ్డలో చేరుతుంది. ఒక్కోసారి ఆ బిడ్డ మాటలు నేర్చాక పాత ఇంటి గురించి, పాత మనుషుల గురించి చెబుతుంది. అలాంటి పిల్లని మాటొచ్చిన పిల్ల అంటారు. అయితే అదంతా వాళ్ళలో వాళ్ళకే. వాళ్ళ ప్రాణం వాళ్ళ బిడ్డలోనే పుట్టాలి తప్ప, లోయ దాటొచ్చి చర్చి గంట మోగే వీధిలో పుట్టిందని ఎవరూ వినలేదు.

"నా కొడుక్కి చెప్పకు" అంది వార్దె. తనియోస్ బీరూట్‌లో లారీ నడుపుతాడు, వారానికోసారి వస్తాడు. "రేపు ఈ పిల్లని ఎవడు చేసుకుంటాడు? పేరు తక్లా, లోపల ఇంకెవరో అని చెప్పి ఇస్తామా?"

పాదిరీగారిని పిలిపించింది. బుత్రోస్ పాదిరీ భారీ మనిషి, చక్కెర ఎక్కువేసిన కాఫీ తాగుతూ అంతా విన్నాడు.

"మనిషికి ఒకటే పుట్టుక, ఒకటే చావు. ఆ తర్వాత దేవుడి ముందు నిలబడటమే. దిగి మళ్ళీ ఎక్కడానికి ఇదేమన్నా షేర్ టాక్సీయా?" అని తన జోకుకి తనే నవ్వాడు.

"మరి ఆ పేరు దానికెలా తెలిసింది ఫాదర్?" అంది జోస్లీన్.

"సంతలో వినుంటుంది. మళ్ళీ అంటే మందలించు. మొండికేస్తే ఒకటి తగిలించు."

మందలించారు. వార్దె ఒకటి తగిలించింది కూడా. తక్లా నోరు మూసుకుంది, దాంతోపాటు తిండీ మానేసింది. జ్వరం పట్టుకుంది. డాక్టరు గుండె చూశాడు, గొంతు చూశాడు, ఏమీ లేదన్నాడు. నిద్రలో మాత్రం పిల్ల చేతులు పైకెత్తి దేన్నో పట్టుకోబోయేది... "తడిసిపోయాను... తియ్యండి..." శీతాకాలం వచ్చేసరికి మెడ కింద ఎముకలు తేలాయి. ఈ ఒక్కటీ కూడా పోతుందని జోస్లీన్ రాత్రుళ్ళు పిల్ల ఊపిరి వింటూ కూర్చునేది.

రొట్టెల బట్టీలో పనిచేసే ఇన్సాఫ్ అవతలి ఊరి మనిషి. పిండి చేతులు దులుపుకుంటూ, గొంతు తగ్గించి చెప్పింది.

"నోరు నొక్కితే అలాంటి పిల్లలు దక్కరక్కా. మావాళ్ళయితే ఒక్కసారి ఆ పాత ఇంటికి తీసుకెళ్తారు. ముందు కబురు పెట్టి వెళ్తారనుకో. ఏడుస్తారు, ముద్దులాడతారు, పిల్ల చేత ఏదో ఇంత తినిపిస్తారు. దాంతో తీరిపోతుంది. ఇంతకీ ఎవరి పిల్ల? ఎవరింటి పేరు చెబుతోంది?"

"ఎవరో తెలిసినవాళ్ళ పిల్ల" అని జోస్లీన్ రొట్టెలు సంచీలో వేసుకుని వచ్చేసింది. పేరు చెబితే సాయంత్రానికల్లా కొండ కొండంతా మారుమోగుతుందని ఆమె భయం. ఆ ఒక్క పేరు పైకి చెప్పుంటే ఇన్సాఫ్ అక్కడే ఆపేసి ఉండేది.

వార్దె ఎవరింట్లోనో చావుకని వెళ్ళిన మధ్యాహ్నం, జోస్లీన్ పిల్లకి రెండు స్వెటర్లు తొడిగి బయల్దేరింది. కబురూ గిబురూ ఏమీ పెట్టలేదు. లోయలోంచి మంచు లేచి వస్తోంది. వంతెన దాటాక తక్లా తల్లి చెయ్యి వదిలించుకుని ముందు నడిచింది. ఎప్పుడూ చూడని ఊళ్ళో, ఎడమకి తిరిగి, మెట్లు దిగి, ఒక గోడ పక్కన సందులోంచి... తడిసిన కట్టెల వాసన, డీజిల్ పొయ్యిల వాసన. మనుషుల అలికిడి లేదు. సందు చివర నీలం తలుపు.

తలుపు తట్టకముందే తెరుచుకుంది.

నలభై ఏళ్ళ ఆడమనిషి. తెల్లటి ముసుగు, పాలిపోయిన నున్నటి ముఖం.

"ఇది... నాయిఫాగారి ఇల్లేనాండీ?"

"నేనే నాయిఫాని."

జోస్లీన్ ఒక అడుగు వెనక్కి వేసింది. చనిపోయిన మనిషి ఇంటికని వచ్చింది. పిల్ల ఆమె కోటు వెనక్కి దూరి, గుసగుసలాడింది.

"అమ్మా, ఆ ఒళ్ళు నాది. అందులో ఎవరో ఉన్నారు."

"లోపలికి రండి. చలి" అంది ఆ మనిషి.

వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది జోస్లీన్‌కి. కానీ వాళ్ళ ఊరికొచ్చి, గుమ్మం దాకా వచ్చి, రమ్మంటే రాకుండా పోవడమా? రేపు ఎవరేమనుకుంటారు? అడుగు లోపల పెట్టింది. వెనకాల తాళం తిరిగిన చప్పుడు.

"వీధిలో కుక్కలు తిరుగుతున్నాయి" అని తాళంచెవి జేబులో వేసుకుంది నాయిఫా. నీళ్ళు కాస్తానని వంటింట్లోకి వెళ్ళింది.

గదిలో వేడి లేదు. పొయ్యి మండుతోంది, అయినా వేడి లేదు. లోపలి గదిలోంచి ముసలావిడ బద్రియె వచ్చింది. నాయిఫా తల్లి. పిల్లని చూసి ఆగిపోయింది. తక్లా వెళ్ళి ఆవిడ గడ్డం పట్టుకుని "అమ్మా" అంది. జోస్లీన్ పిల్ల స్వెటర్ పట్టుకుని వెనక్కి లాగబోయింది. తను కన్న పిల్ల, తన ముందే, ఇంకొకరిని.

ముసలావిడ జోస్లీన్ మణికట్టు పట్టుకుంది.

"ఎప్పుడు పుట్టిందమ్మా ఈ పాప?"

"బర్బారా పండగనాడు. ఈ పండక్కి నాలుగు నిండాయి."

"ఆ సాయంత్రమే నా కూతుర్ని సంపులోంచి తీశాం." బద్రియె వంటింటి వైపు ఒక కన్ను వేసి ఉంచింది. "ఊపిరి లేదు. కట్టెలా అయిపోయింది. కడిగి పడుకోబెట్టి చుట్టూ కూర్చుని ఏడుస్తున్నాం. మీ పిల్లలు ఆ పండక్కి మాస్కులేసుకుని ఇల్లిల్లూ తిరుగుతూ పాడుకుంటున్న పాటలు ఇక్కడికి వినపడుతున్నాయి. అప్పుడు... లేచి కూర్చుంది."

"దేవుడి దయ కదా పెద్దమ్మా..."

"అందరూ అదే అన్నారు. నేనూ అన్నాను. పేర్లడిగితే చెబుతుంది, వంటలడిగితే చెబుతుంది. బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెబుతుంది. కన్నదాన్ని, నాకు తెలీదా? అది నిద్రపోవడం నేను చూడలేదు. ఒక్క రాత్రి కూడా. నా గదికి గడియ పెట్టుకుని పడుకుంటాను. నా కూతురు ఎక్కడో పుట్టే ఉంటుందని మా ఊళ్ళన్నీ వెతికాను. మీ వైపు వెతకాలని మాత్రం నాకు తట్టలేదు."

"తలుపు తీయించండి పెద్దమ్మా. వెళ్ళిపోతాం."

"తాళం దాని దగ్గరుంది."

కిటికీ అవతల మంచు తెల్లగా కమ్మేసింది. సందు లేదు, ఊరు లేదు. కేకేసినా ఎవరికి వినపడుతుంది?

నాయిఫా కెటిల్ పట్టుకొచ్చి, తలుపు పక్కనే దిండు వేసుకుని కూర్చుంది. మాతె కలిపింది. చిన్న సొరబుర్రలో ఆకు వేసి, వేణ్ణీళ్ళు పోసి, అందరూ ఒకే లోహపు గొట్టంతో వంతులవారీగా పీల్చే పానీయం. ఆ ఇళ్ళలో చేతికిచ్చిన బుర్రని కాదంటే ఇంటిని కాదన్నట్టే. ఒకరు తాగి ఇంకొకరికిచ్చేముందు గొట్టం మూతిని నిమ్మతొక్కతో రుద్దుతారు. నిమ్మతొక్క పళ్ళెంలోనే ఉంది.

నాయిఫా మొదటి వంతు తను తాగింది. చాలాసేపు తాగింది. మళ్ళీ నీళ్ళు పోసి, జోస్లీన్‌ని దాటేసి, పిల్ల ముందు పెట్టింది. గొట్టం తుడవలేదు.

బద్రియె నిమ్మతొక్క అందుకుంది. "తుడిచివ్వవే..."

"పర్లేదులెండి పెద్దమ్మా, మన మధ్య ఆ పట్టింపులేంటి" అనేసింది జోస్లీన్. ఊరికి తిరిగొచ్చినప్పట్నుంచీ అలవాటైన మర్యాద, ఆలోచించకముందే నోట్లోంచి ఊడిపడింది. తాగేస్తే తాళం తీస్తుంది, వెళ్ళిపోవచ్చు అన్నది కూడా ఉంది మనసులో.

"వద్దమ్మా" అంది తక్లా. పెదాలు మాత్రమే కదిలాయి.

"ఒక్క గుక్క తాగమ్మా. వాళ్ళు బాధపడతారు."

పిల్ల తల్లి వైపు చూసింది. తర్వాత వంగి గొట్టం నోట్లో పెట్టుకుంది.

బుడగలు. పీలుస్తున్న చప్పుడు కాదు... ఊదుతున్న చప్పుడు. పిల్ల లోపలిదంతా గొట్టంలోంచి బుర్రలోకి ఊదుతున్నట్టు. నాయిఫా కదలకుండా చూస్తోంది. చప్పుడు ఆగింది. అప్పుడు... పిల్ల పీల్చింది. నెమ్మదిగా. చివరిదాకా.

నాయిఫా బుర్ర తీసుకుని మిగిలిన తడిని ఒక్కసారి పీల్చి పక్కన పెట్టింది. తల దిండు మీదకి వాలిపోయింది. కళ్ళు మూసుకున్నాయి.

"నిద్రపోయింది" అంది బద్రియె. ముసుగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నా తల్లి నిద్రపోయింది."

తక్లా లేచి వెళ్ళి, నిద్రపోతున్న మనిషి జేబులోంచి తాళంచెవి తీసి, తలుపు తెరిచింది.

"ఇంటికెళ్దామా?" అంది.

దారంతా పిల్ల తల్లి చెయ్యి పట్టుకునే నడిచింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఇంటికొచ్చాక రెండు గిన్నెల పప్పు జావ తాగింది. పేరేంటే అని వార్దె అడిగితే "తక్లా" అంది. స్నానం చేయించమని తనే అడిగింది. తొట్లో నీళ్ళలో వెల్లకిలా పడుకుని, చెవుల దాకా మునిగి, కప్పుకేసి చూస్తూ ఉంది. జోస్లీన్ చప్పున పిల్ల భుజాలు పట్టి పైకి లేపింది. వెంటనే తనని తనే తిట్టుకుంది. పిల్ల దక్కింది, తిన్నది, ఇంకేం కావాలి? సంతోషంతో చాటుకి వెళ్ళి ఏడ్చింది కూడా.

రాత్రి పడుకునే వేళకి ఫోన్ మోగింది. తనియోస్ అనుకుని ఎత్తింది.

అవతల ఏడుపు. పెద్ద ఆడమనిషి గొంతు. కానీ ఆ వెక్కిళ్ళు పెద్దవాళ్ళవి కావు.

"అమ్మా..."

జోస్లీన్ రిసీవర్ చెవికి నొక్కుకుంది.

"అమ్మా, నా చేతులు పెద్దవైపోయాయి."

తప్పిపోతే ఎవరికైనా చెప్పమని ఈ ఇంటి నంబరు పాటలా నేర్పించింది తనే. తక్లాకి తప్ప ఆ నీలం తలుపు ఇంట్లో ఇంకెవరికీ ఆ నంబరు తెలీదు.

"నువ్వు తాగమన్నావు. తాగాను కదా. ఎప్పుడొస్తావు?"

జోస్లీన్ తిరిగి చూసింది. పొయ్యి పక్కన తువ్వాలు చుట్టుకుని కూర్చుంది పిల్ల. వార్దె తల దువ్వుతోంది. పిల్ల ఇటే చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు.

ఎవరి దగ్గరికి పరుగెత్తాలి? అలా జరగదంటాడు పాదిరీ. మీ ఇంట్లో మా ప్రాణమేంటి, అలా జరగదంటారు అవతలి పెద్దలు. నలభై ఏళ్ళ మనిషిని ఇంటికి తెచ్చి ఇది నా కూతురంటే మొగుడేమంటాడు? తను కన్న ఒళ్ళు, తను ముద్దులాడిన పాదాలు, ఇవి ఇక్కడున్నాయి. వీటిని ఎవరికి వదిలేసి వెళ్ళాలి? గోడకి వీపు ఆనించి నిలబడిపోయింది.

"ఎవరే?" అంది వార్దె.

"రాంగ్ నంబర్ అని చెప్పమ్మా" అంది పిల్ల, మెల్లగా.

జోస్లీన్ నోరు తెరిచింది. "రాంగ్ నంబర్, అత్తయ్యా" అని తన గొంతే అనడం తన చెవులకి వినపడింది.

అవతల ఏడుపు ఠక్కున ఆగింది. ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగింది. ఆ ఇంట్లో ఉండేది తల్లీ కూతురూ ఇద్దరే. ఎక్కడో దూరంగా గడియ తీసిన చప్పుడు, చెప్పులీడ్చుకుంటూ వస్తున్న చప్పుడు, తర్వాత బద్రియె నిద్రమత్తు గొంతు.

"నాయిఫా... ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు?"

చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చి, ఆగిపోయింది. ఆ తర్వాత ముసలావిడ గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి గుసగుసగా.

"నీ పక్కన నీళ్ళోడుతూ కూర్చున్నది ఎవరే?"