ఓరియన్ డిస్కుకు కుంకుమ బొట్టు

గిడ్డయ్య శవం మంగంపేట మిల్లుల దగ్గర ముగ్గురాయి పొడి కుప్ప మీద దొరికింది.

తల నుంచి పాదాల దాకా తెల్లటి పొడి. ఎవరో ముగ్గు వేయబోయి మధ్యలో వదిలేసి పోయినట్టు పడి ఉన్నాడు. గుండెలో ఒకే బుల్లెట్. సైలెన్సర్ వాడారో లేదో తెలియదు. ఆ మిల్లుల మోతలో ఫిరంగి పేల్చినా వినపడదు.

ఏజెంట్ దేవేంద్రప్ప గొంతుక్కూర్చుని స్నేహితుడి కళ్లు మూశాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్. ఒకే ప్లేటులో ఉగ్గాణి తిన్నవాళ్లు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాడు. రాలేదు. చేతికంటిన పొడి ప్యాంటుకు తుడుచుకుని లేచాడు.

మధ్యాహ్నానికల్లా కర్నూలులో ఉన్నాడు. బయట విత్తనాల కంపెనీ బోర్డు. లోపల డిపార్ట్‌మెంట్ ఆఫీసు. చీఫ్ జ్ఞానేశ్వర్ ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. గోడ మీద రెండు నల్ల పెట్టెలు.

"ఓరియన్. టైటన్. రెండూ విదేశీ వీడియో గేమ్ కన్సోళ్లు. రెండింటికీ ఇంటర్నెట్‌లో ఆడించే సర్వీసులున్నాయి. ఎవరి సర్వీసులో జనం ఎక్కువ చేరితే మార్కెట్ వాళ్లది."

"ఆట సామాన్ల గొడవకా సార్, గిడ్డయ్య పోయింది?"

"అదేం చిన్న గొడవ కాదు. ఓరియన్‌ను దెబ్బతీయమని ఎవరో ఒక విదేశీ ముఠాకు పని అప్పగించారు. కోడ్ నేమ్ ప్లేయర్ టూ. టైటన్ కంపెనీకి ఈ సంగతి తెలుసో తెలియదో మన దగ్గర ఆధారం లేదు. ముఠా ఒక మాస్టర్ డిస్క్ చేసింది. దాన్ని ఓరియన్‌లో పెడితే, సర్వీసు లైన్లో విదేశం నుంచి ఆర్డర్ వస్తుంది. ఫ్యాన్ ఆగుతుంది. వోల్టేజ్ పెరుగుతుంది. ఆ గదిలో కేబుల్‌తో కలిపిన ప్రతి పెట్టె అంటుకుంటుంది. ఫస్ట్ టెస్ట్ కడపలో, ఒక గేమ్ పార్లర్‌లో. రేపు ఆయుధపూజ రోజు, పగలు పన్నెండింటికి. ఒక్క నిమిషం మాత్రమే లైను తెరుస్తారు. అది దాటితే ఆ డిస్క్ ఎందుకూ పనికిరాదు."

"కడపే ఎందుకు?"

"అక్కడ కాలితే ఎండకు కాలిందనుకుంటారు."

సీమలో ఏది కాలినా ఎండ మీదికి పోతుంది. ఏ శవం దొరికినా ఫ్యాక్షన్ మీదికి పోతుంది. గవర్నమెంటుకు విచారణ ఖర్చు మిగులుతుంది.

"ఆ డిస్క్ చంటిబిడ్డ లాంటిది. కింది వైపు గీత పడినా, మరక పడినా చదవదు. కాబట్టి తెచ్చే మనిషి చేతిలోనే తెస్తాడు. ఆ మనిషెవరో మన ఏజెంట్ శ్రీవాసవి చూపిస్తుంది. ఇదిగో, ఆ లైను అందకుండా ఆపే జామర్."

స్టీలు టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో చిత్రాన్నం. కింది గిన్నెలో మిషను.

"గిడ్డయ్య భార్యకు చెప్పినారా సార్?"

"ఆపరేషన్ అయ్యేదాకా ఆ చావు కాన్ఫిడెన్షియల్. తర్వాత నువ్వే చెప్పాలి."

టిఫిన్ క్యారియర్ తీసుకుని కడప బస్సెక్కాడు.

లక్ష్మీనరసయ్య శెట్టి గేమ్ పార్లర్ వైవీ స్ట్రీట్‌లో కిరాణా అంగడి పైన ఉంది. ఒక్కటే మెట్ల దారి, మనిషి వెనక మనిషి దిగేంత. ఏసీ చల్లదనం పోకుండా కిటికీలకు ప్లైవుడ్ కొట్టేశారు. పన్నెండు ఓరియన్లు, నలభై మంది కుర్రాళ్లు. అంటుకుంటే ఒక్కరూ దిగలేరు. మర్నాడు పన్నెండుకు ముందే దేవేంద్రప్ప ఖాకీ చొక్కాతో, చెవి మీద పెన్సిల్‌తో, స్టెబిలైజర్ మెకానిక్ వేషంలో గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాడు.

శ్రీవాసవి ఓరియన్ కంపెనీ ప్రమోటర్ వేషంలో వచ్చింది. నల్ల కళ్లద్దాలు, నల్ల హైహీల్స్, భుజాన ఎర్ర హ్యాండ్ బ్యాగు. కుర్రాళ్లు ఆడుకునే సంగతి మరిచి గుటకలు మింగారు. ఆమె వచ్చి పక్కనే కూర్చుంది.

"ఆదోనిలో పత్తి ఎట్లుండాది?"

"పురుగూ లేదు, ధరా లేదు."

కోడ్ సరిపోయింది. ఆమె చేతిలో పలుచని డబ్బా ఉంది. టోర్నమెంట్ సీడీ, కంపెనీ పంపింది అని చెప్పింది. దేవేంద్రప్ప ఆమె కాళ్ల వైపు చూశాడు. హైహీల్స్ కుట్ల మధ్య తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది.

"మంగంపేట చూసినావా మేడం?"

"లేదే. నిన్ననే బెంగళూరు నుంచి దిగా."

అతను టిఫిన్ క్యారియర్ తెరిచి జామర్ నొక్కాడు. లైటు వెలగలేదు. మళ్లీ నొక్కాడు. తక్కువ టెండర్‌కు కొన్న బ్యాటరీ. చిత్రాన్నం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

శ్రీవాసవి కుడిచెయ్యి బ్యాగులోకి పోయింది. బ్యాగు గుండా పిస్టల్ గొట్టం అతని పక్కటెముకలకు తగిలింది.

"గిడ్డయ్య కూడా ఇట్లాగే ఎక్కువ ప్రశ్నలేశాడు. మెయిన్ స్విచ్ వైపు కదిలావో, మొదటి గుండు ఆ పెద్దామెకు. ఆట మొదలవగానే నేను కిందికి పోతా. నువ్వు ఇక్కడే ఉంటావు."

దేవేంద్రప్పకు భయం వేయలేదు. వేయాల్సింది కదా అనుకున్నాడు.

పెద్దామె అంటే శెట్టి భార్య అలివేలమ్మ. గంధం గిన్నె, కుంకుమ భరిణె ఉన్న పళ్లెంతో ఒక్కో పెట్టె దగ్గరా ఆగుతూ వస్తోంది. ఓరియన్లకు బొట్లు. జాయ్‌స్టిక్‌లకు బొట్లు. ఏసీకి కుర్చీ ఎక్కి మరీ పెట్టింది.

"బిన్నా కానీవే, ముహూర్తం పన్నెండుకే. ఈ మేడమే పంచాంగం చూసి చెప్పింది" అన్నాడు లక్ష్మీనరసయ్య.

"నువ్వు సల్లగుండు. యాడాదికొక్క పూజ, దానికీ తొందరేనా?" బెంచీ దగ్గరికి వచ్చింది. "ఏమప్పా మెకానిక్కూ, నీ టెస్టర్ ఇట్ల తే. అదీ ఆయుధమే గదా."

టెస్టర్‌కు బొట్టు పడింది. టిఫిన్ క్యారియర్‌కూ పడింది. దేవేంద్రప్ప ఆ తడి గంధం వైపు, దాని మీద కుంకుమ వైపు చూశాడు.

"అమ్మా, ఈ మేడం చేతిలో సీడీ ఉండాది. దానికి పెట్టనేలేదే."

పిస్టల్ గొట్టం ఎముకలో గుచ్చుకుంది. అలివేలమ్మ అప్పటికే డబ్బా లాక్కుని తెరిచింది.

"అత్తా, సీడీకి బొట్టేంది! ఎక్కదు!" కుర్రాళ్లలో ఫారూఖ్ అనేవాడు అరిచాడు.

"పోయినేడు జెరాక్స్ మిషనుకు పెట్టల్యా? ఏమైందిరా?"

"చెడిపోయింది గదత్తా!"

అందరూ గొల్లుమన్నారు. అలివేలమ్మ వినలేదు. "ఏ పక్క పెట్టల్లప్పా?"

"మెరిసే పక్కే మొకం, తల్లీ" అన్నాడు దేవేంద్రప్ప.

మెరిసే పక్క గంధం మెత్తి, నడుమ ఎర్రగా కుంకుమ అద్దింది. శ్రీవాసవి ఇక ఆగలేకపోయింది. కర్చీఫ్‌తో తుడవడానికి కుడిచెయ్యి బ్యాగులోంచి బయటికి తీసింది. అలివేలమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏందమ్మా, పండగ పూట బొట్టు తుడుస్తావా? ఎవురింటి ఆడకూతురివి నువ్వు? నీకెవరూ చెప్పలేదా?"

చెయ్యి బయటికి వచ్చింది, అది చాలు. దేవేంద్రప్ప ఎర్ర బ్యాగు తన ఒళ్లోకి లాక్కుని, బొట్టున్న టెస్టర్ మొన ఆమె నడుముకు ఆనించాడు.

"కూర్చో మేడం. ముహూర్తం."

గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది. శెట్టి భార్య చేతిలోంచి డిస్క్ తీసుకుని, కళ్లకద్దుకుని లోపలికి తోశాడు. ఓరియన్ గుర్రుమంది. తెర మీద నీలం చక్రం తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. శ్రీవాసవి పెదవులు కదులుతున్నాయి, లెక్క పెడుతున్నట్టు. చివరికి తెర మీద అక్షరాలు పడ్డాయి.

డిస్క్ అన్‌రీడబుల్.

"నేను చెప్పల్యా!" అని ఫారూఖ్ నెత్తి కొట్టుకున్నాడు. నిమిషం దాటింది. పన్నెండు ఫ్యాన్లూ ఎప్పటిలాగే గుయ్యిమంటూ తిరుగుతున్నాయి. నలభై మందీ ఇంకో సీడీ పెట్టమని గోల చేశారు. తాము బతికి బయటపడిన సంగతి ఒక్కడికీ తెలియదు.

డిపార్ట్‌మెంట్ జీపులో సంకెళ్లతో కూర్చున్న శ్రీవాసవి అతని ముఖంలోకి చూసింది. "నీ ఫ్రెండ్‌ను చంపింది నేనే. నీకు కోపం కూడా రాదా?"

"రావాల. వస్తుందేమోనని చూస్తాండా."

మర్నాడు చీఫ్ రిపోర్టు ముగించాడు. ఆపరేషన్ సక్సెస్. మన వైపు నష్టం నిల్. గిడ్డయ్యది గనిలో ప్రమాదం. ఓరియన్ కంపెనీ కృతజ్ఞతగా ఒక కొత్త కన్సోల్ పంపింది, ఏడాది సర్వీసు ఫ్రీ. "గిడ్డయ్య ఇంట్లో ఇచ్చెయ్" అన్నాడు చీఫ్.

రాయచోటిలో గిడ్డయ్య ఇంటి ముందు అతని స్కూటరు కడిగి నిలబెట్టి ఉంది. హెడ్‌లైటుకు బంతిపూల దండ, హ్యాండిల్‌కు నిమ్మకాయ. భార్య సుంకులమ్మ పసుపు కాళ్లతో గడప దాటి వచ్చింది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు.

"రాన్నా! ఆయన యాడ? బండికి పూజ చేసి పెట్టినా, నడిపేటోడే లేడు." దేవేంద్రప్ప చంకలో పెట్టె చూసి నవ్వింది. మళ్లీ అతని ముఖం చూసింది. "ఏమన్నా, అట్లుండావు? పోయిన పనిలో ఓడిపోయినారా?"

దేవేంద్రప్ప ఆమె నుదుటి వైపు చూశాడు. పెట్టె అరుగు మీద దించాడు.

"లేదమ్మా. గెలిచినాం."