మళ్ళీ పట్టేసిన తలుపు

సాయంత్రం నాలుగున్నరకు రెండంతస్తుల ఇల్లు కూలింది. అప్పటికి లోపల ఒక మనిషి ఉన్నాడు.

ఆ ఉదయం వంటింటి తలుపు పడలేదు. కింది వాటాలో ఉండే వడ్రంగి దాన్ని ఊడదీసి, అంచు చిత్రిక పట్టి, మళ్ళీ బిగించి పనికి వెళ్ళాడు. వానలకు చెక్క ఉబ్బుతుంది. అతనికి తెలిసిన జబ్బు అది, చేతిలో ఉన్న మందు ఇది. మొన్న పడకగది తలుపుకూ అదే వైద్యం చేశాడు.

మధ్యాహ్నం అతని భార్య వంటింటి తలుపు లాగింది. మళ్ళీ పట్టేసింది! పొద్దుటి నుంచి చినుకు లేదు. ఎండలో చెక్క ఎలా ఉబ్బుతుంది? కిటికీలోంచి చూసింది. పక్క స్థలంలో పునాది కోసం తవ్వుతున్న గొయ్యి వీళ్ళ గోడ దాకా వచ్చేసింది. ఉబ్బింది తలుపు కాదు... కదులుతున్నది ఇల్లు!

చెప్పాలి. ఎలా చెప్పడం? గ్యాస్ వాసన వస్తోందని ఒకసారి పై వాటా దర్జీ దంపతులతో సహా అందరినీ వీధిలోకి పరుగెత్తించింది. తీరా చూస్తే కుళ్ళిన ఉల్లిపాయ! ఆనాటి నుంచి ఆమె పేరు కంగారమ్మ. నోటిదాకా వచ్చిన మాట మింగేసి గిన్నెల ముందు కూర్చుంది. తోముతుండగా తనకే తెలిసివచ్చింది... ఇల్లు కూలుతుందన్న భయం కన్నా, కూలకపోతే నవ్వుతారన్న భయమే తనను అక్కడ కూర్చోబెట్టింది! సబ్బు చేతులతోనే లేచింది.

“అత్తయ్యా, బయటికి పదండి... ఇల్లు కుంగుతోంది!”

“ఈసారి ఏం కుళ్ళింది తల్లీ? వెల్లుల్లా?” అత్తగారు మంచం దిగలేదు. “వాడు వడ్రంగి. తలుపు సంగతి వాడికి తెలీలేదు గానీ నీకు తెలిసిందీ?”

“దండం పెడతాను అత్తయ్యా...”

“పైవాళ్ళు దిగారా? ఎదురింటివాళ్ళు కదిలారా? నీ ఒక్కదానిదేనా ప్రాణం!”

ఇక బతిమాలలేదు. నిద్రపోతున్న పాపను భుజాన వేసుకుని, చెప్పులైనా లేకుండా వీధి మలుపు దాకా నడిచింది. తన ప్రాణం కోసం కదలని అత్తగారు మనవరాలి కోసం పరుగెత్తుకొచ్చింది. “పసిదాన్ని ఎండలో తిప్పుతావా! ఇలా ఇవ్వవే!”

వడ్రంగి సైకిల్ మీద ఎదురొచ్చాడు.

“ఏమండీ, వంటింటి తలుపు మళ్ళీ పట్టేసింది...”

“పొద్దున్నేగా చిత్రిక పట్టాను!”

“నేను చెప్పేదీ అదేనండీ... పొద్దున్నే కదా పట్టారు!”

అతను సైకిల్ దిగాడు. ఇంటి వైపు చూశాడు. గొయ్యి వైపు చూశాడు.

“దర్జీ వాళ్ళు?”

“పైనే ఉన్నారు...”

సైకిల్ వదిలేసి పరుగెత్తాడు. “వద్దురా!” అని తల్లి అరిచింది. భార్యకూ అదే మాట నోటిదాకా వచ్చింది. పైన ఇద్దరు ఉన్నారు. ఆమె పాపను గట్టిగా పట్టుకుని ఊరుకుంది.

దర్జీ భార్య దిగింది. మెడలో టేపుతో దర్జీ దిగాడు. “తలుపు రాకపోతే భుజంతో బద్దలుకొట్టాడమ్మా! మా వెనకే... మెట్ల మీద...” అతని మాట పూర్తికాలేదు. దుమ్ము లేచింది.

అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. అత్తగారు కోడలి కాళ్ళ దగ్గర కూలబడింది. “ఆ పేరు పెట్టింది నేనే తల్లీ... నా నోరు పడిపోనూ! నువ్వు చెప్పినప్పుడే కదిలుంటే...”

“నేను మాత్రం వెంటనే చెప్పానా అత్తయ్యా? మీరు నవ్వుతారని గిన్నెలు తోముతూ కూర్చున్నాను...”

అత్తగారు ఆ సబ్బు చేతులను తన కొంగుతో తుడిచింది. లోపలి చప్పుడు వినాలి, ఎవరూ మాట్లాడవద్దని సిబ్బంది అన్నారు. ఇద్దరూ ఏడుపు దిగమింగుకున్నారు. శిథిలాల్లోంచి ఏదైనా చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించారు.

చీకటి పడకముందే మెట్ల కింది సందులోంచి వడ్రంగిని బయటికి తీశారు. ఎడమ కాలు విరిగింది. ఊపిరి ఉంది.