పొగ పోయిన దిక్కు

పైడితల్లి అమ్మవారి వెండి ముఖం పోయిన రోజున హిందీ ప్రాంతంలో తెలుగువాళ్లుండే కోహ్కా బస్తీలో గాలి బాగా వీస్తోంది. అమ్మవారి పీఠం పందిట్లో ముందు గేటు పక్కనే ఉంది. సాంబ్రాణి పొగంతా ఆ గేటులోంచే బయటికి పోతోంది. హారతికి అందరూ కళ్లు మూసుకున్న క్షణాన ఎవరో అరిచారు.

"గ్యాస్ లీక్! భాగో!"

ఉక్కు కర్మాగారం పక్కన బతికేవాళ్లకు ఆ మాట చాలు. జనం ఒక్కసారిగా ఉరికారు. వెనక సందులో ముసలి అప్పయమ్మ పడిపోతే ఆమె మీంచే పరుగెత్తారు. గ్యాస్ ఎక్కడా లేదు. తిరిగొచ్చేసరికి పీఠం ఖాళీగా ఉంది.

మర్నాడు అప్పయమ్మ మనవరాలు సుచిత్ర ప్రైవేట్ డిటెక్టివ్ కృష్ణమోహన్ దగ్గరికి వచ్చింది. కూర్చుని, జరిగిందంతా చెప్పింది.

"భయ్యా, అమ్మోరి ముఖం ఏడాదంతా మా ఇంట్లోనే ఉంటుంది. అందుకని మా నాన్నే తీశాడంటున్నారు. సాయంత్రం పోలీసులకి అప్పజెప్పేస్తారట. నానమ్మ ఆస్పత్రిలో ఉంది. నాన్న కూడా పోతే నేనొక్కదాన్నే..."

"అరిచింది ఎవరు?"

"తెలీదు భయ్యా. సబ్ పానిక్ అయిపోయారు."

కృష్ణమోహన్ సహాయకురాలు రాజశ్రీ వైపు తిరిగాడు.

"ఈ పానిక్ అనే మాట గ్రీకుల దేవుడొకడి పేరు నుంచి పుట్టింది. అతని పేరు పాన్. మేక కాళ్లుంటాయి. అడవిలో కనబడకుండా ఒక్క కేక వేస్తే మందలు బెదిరి పరుగెడతాయి. కేక ఎవరిదో మంద చూడదు."

"మరి మనమెలా చూస్తాం సార్?"

"పరుగు చూద్దాం."

సాయంత్రం అందరూ పందిట్లో చేరారు. కమిటీ పెద్ద జగ్గయ్య కోపంగా ఉన్నాడు. రిటైరయ్యేదాకా ప్లాంటులో గ్యాస్ జాగ్రత్తలు నేర్పినవాడాయన.

"దొంగ ఎదరే ఉంటే ఇంకా ఇచారణేటి బాబూ?"

సుచిత్ర తండ్రి ధర్మయ్య తలెత్తలేదు. "నాను తియ్యలేదు. అమ్మోరిని ఒగ్గేసి పరిగెట్టీసినాను. అదే నా తప్పు."

"ఎటు పరుగెత్తారు?" అన్నాడు కృష్ణమోహన్.

"ఎనక సందులోకి. పొగ ముందుకి కొడతంటే ముందుకెవులెల్తారు బాబూ? గేసొస్తే గాలికి ఎదురెల్లాలని జగ్గయ్య మావే కదా నేర్పినాడు!"

కృష్ణమోహన్ ఒక్కొక్కరినీ అడిగాడు. అందరిదీ వెనక సందే.

"మీరో?"

"ముందు గేటులోంచి పోనాను. నా స్కూటరక్కడుంది," అన్నాడు జగ్గయ్య.

"పేణం కంటే స్కూటరెక్కువేటి నీకు?" అంది జనంలోంచి సింహాచలమ్మ అనే బస్తీ ఆవిడ.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"జనం గాలికి ఎదురుగా వెనక్కే పోతారని మీకు తెలుసు," అన్నాడు కృష్ణమోహన్. "మీరు నేర్పిందే. ముందు వైపు ఖాళీ అయింది, పీఠం అక్కడే ఉంది. ఇందరికీ నేర్పిన మీరే, మీరొక్కరే, పొగ పోయే దిక్కుకి వెళ్లారు. గ్యాస్ లేదని తెలిసినవాడే అలా వెళ్తాడు. అరిచింది మీరు."

జగ్గయ్య ఖాళీ పీఠం వైపు చూశాడు.

"ఆ ముఖం మా అయ్య దగ్గరుండీది," అన్నాడు. "ఆయన పోయాక ఈల్లింటికి ఇచ్చేసినారు. ఒక్క ఏడాది నా ఇంట్లో పెట్టుకోవాలనుకున్నాను. అప్పయమ్మ పడిపోద్దనుకోలేదు."

ఆయనే ఇంటికి వెళ్లి, ముఖాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చాడు. రాజశ్రీ దాన్ని ధర్మయ్య చేతికిచ్చింది. సుచిత్ర తండ్రి భుజం పట్టుకుని నిలబడింది.

ముఖం మళ్లీ పీఠం మీదికి చేరింది. అప్పయమ్మ ఇంకా కళ్లు తెరవలేదు. ఆ రోజు మధ్యలో ఆగిన హారతి ఇంకా ఎవరూ ఇవ్వలేదు.