నిలవని ఊచ

చీకటి పడ్డాక ఆ ఇంటివైపు కాలిబాట మీద ఎవరూ నడవరు. ఇంటి ముందు నడుమెత్తు ఇనప ఊచల ప్రహరీ. అందులో ఒక ఊచ లేదు. ఆ సందులోంచి రాత్రిపూట పసిపిల్లాడి మూలుగు వినిపిస్తుందంటారు... విన్నవాళ్లెవరని అడిగితే మాత్రం ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

మా బావ వెల్డర్. పొద్దస్తమానం నిప్పురవ్వలతో ఆడే మనిషి. కరెంటు పోతే మాత్రం మా అక్క కొంగు వెతుక్కుంటాడు. ఇది ఆయన నోట విన్నదే.

ఆ ఇంటి కోడలు పాత ఊచలన్నీ బాగుచేయించాలనుకుంది. బావకంటే ముందు ఇద్దరు వెల్డర్లు పని ఒప్పుకున్నారు. ఆ ఖాళీలో పెట్టిన ఊచ తెల్లారేసరికి నేలమీద పడి ఉండటం చూసి, సామాన్లు సర్దుకుని పోయారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పని రాక దెయ్యం మీదికి నెట్టారన్నాడు బావ. అదీ వీధంతా వినేలా అన్నాడు.

తుప్పు గీకాడు. ఎర్ర ప్రైమర్ కొట్టాడు. ఖాళీలో కొత్త ఊచ నిలబెట్టి, పైనా కిందా చుక్కంత అతుకు వేశాడు. పాత ఇనుముకి ఒక్కసారే వేడి పెడితే వరసంతా వంకర తిరుగుతుంది. అందుకని చల్లారనిచ్చి, మర్నాడు నిండుగా అతకడం వాళ్ల పద్ధతి.

మర్నాడు వచ్చి చూస్తే... ఊచ నేలమీద పడుంది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ ఊడింది.

ఇప్పుడు వదిలేసి పోతే, బావ అతుకు నిలవదన్న పేరు పడుతుంది. ఆ పేరు పడ్డ వెల్డర్‌ని ఎవరు పిలుస్తారు? చూసి తేల్చుకోవాలని మళ్లీ చుక్క అతుకే వేసి, ఆ రాత్రి ప్రాణాలు అరచేత పెట్టుకుని ఎదురింటి మెట్లచాటున కూర్చున్నాడు.

వీధి సద్దుమణిగింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత —

కిర్ర్... కిర్ర్...

ఆగింది. మళ్లీ, కిర్ర్.

ఊచల వెనక తెల్లటి ఆకారం ఒకటి వంగి ఉంది. బావ మెట్లకి ఇంకా దగ్గరగా నక్కాడు. ఆ ఆకారం ఎవరితోనో గుసగుసలాడుతోంది...

"ఏడవకురా... అయిపోయింది... ఇంకొంచెం."

తలుపు తెరుచుకుంది. చప్పుడు విని ఇంటి కోడలు టార్చి పట్టుకుని పరుగున వచ్చింది. ఆ వెలుగులో చూస్తే, బనీను తొడుక్కున్న ముసలాయన. చేతిలో ఇనుము కోసే రంపం.

దెయ్యం కాదు. బావకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయట. లేచి, రోడ్డు దాటి ఊచల దగ్గరికి వెళ్లాడు.

ఆమె లోగొంతుకతో చెప్పింది. మామగారికి ఈమధ్య అన్నీ మరుపే. చిన్నతనంలో ఆయన తమ్ముడు ఆ ఊచల మధ్యలోంచి రోడ్డువైపు తల పెట్టి ఇరుక్కుపోయాడు. పక్కన ఈయనొక్కడే ఉన్నాడు. పెద్దవాళ్లొచ్చి ఊచ కోసేసరికి పిల్లాడిలో ప్రాణం లేదు. అప్పటినుంచీ ఆ ఖాళీ అలాగే ఉంచేశారు. కొత్త ఊచ నిలబెట్టగానే ఆయనకి ఆ రోజు తిరిగొచ్చినట్టుంది. పక్కమీంచి ఎప్పుడు లేచి వస్తున్నాడో తనకీ తెలియలేదంది.

"మామయ్యగారూ, లోపలికి రండి."

ఆయన కదల్లేదు. బావ వైపు చూశాడు.

"బాబూ, నా ఒక్కడి వల్లా కావట్లేదు. నేను కోస్తాను... నువ్వు వాడి తల పట్టుకో."

కాదని ఎలా అంటాడు? ముసలాయన తృప్తి కోసం బావ రోడ్డువైపు మోకాళ్ల మీద కూర్చుని, ఊచ పక్కన రెండు చేతులూ దోసిలి పట్టాడు. ఊరికే పట్టుకున్నట్టు కనిపిస్తే చాలనుకున్నాడు.

కిర్ర్... కిర్ర్... ఊచ ఊడింది.

"వచ్చేశాడు," అన్నాడు ముసలాయన, ఏడుస్తూ.

కోడలికి కనిపించినవి బావ ఖాళీ చేతులే. బావ మాత్రం ఊపిరి బిగబట్టి ఉన్నాడు. అరచేతుల నిండా జుట్టు... చెమటకి తడిసి, వెచ్చగా...

ఆ చిన్న తల, చేతుల్లోంచి మెల్లగా వెనక్కి వెళ్లిపోయింది.