పాత ఫోల్డర్

"సాయంత్రం పోటు వేళకి తీరంలో రాడార్లన్నీ ఆగిపోతాయి. ఆ అదను చూసి విదేశీ ముఠా పడవలు ఆయుధాలతో ఒడ్డుకొస్తాయి. ఆపు," అన్నాడు నిఘా విభాగం చీఫ్ సుబ్రహ్మణ్యేశ్వరరావు.

ఏజెంట్ స్టీఫెన్ కొబ్బరి వ్యాపారి వేషంలో మలికిపురంలో దిగాడు. చెవిలో మినపగింజంత ఇయర్‌పీస్. జేబులో చీఫ్ స్వయంగా తయారుచేసిన పెన్‌డ్రైవ్. ముఠా గోడౌన్‌లో సిగ్నల్ పసిగట్టే యంత్రాలుంటాయని గుమ్మం బయటే మైక్ ఆపేశాడు. ఇక చీఫ్ మాట తనకి వినపడుతుందేగాని తన మాట చీఫ్‌కి చేరదు.

మేడ మీద తలుపు తీసింది లిడియా. సిల్కు చీర, ఖరీదైన సెంటు. ముఠాకి అకౌంటెంట్, మనకి ఇన్ఫార్మర్. నిజానికి ఎవరి మనిషో ఎవరికీ తెలీదు.

"కురిడీ కొబ్బరికాయ దొరుకుతుందా అండీ?"

"ఆయ్. గలగలలాడేదే ఉందండీ."

కోడ్ కలిసింది. స్టీఫెన్ ముఠా కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ తగిలించి ప్రోగ్రామ్ రన్ చేశాడు. ముఠా సొంత లైబ్రరీ ఫైలుని, అంటే ప్రోగ్రామ్ అరువు తెచ్చుకునే కోడ్‌ని, వాడుకుని అది రాడార్లని ఆపబోయే వాళ్ల టైమర్‌ని ఆపాలి.

ఆపలేదు. తెర మీద ఎర్రర్: లైబ్రరీ లోడ్ కాలేదు.

ప్రోగ్రామ్‌నీ, అది వెతికిన ఫోల్డర్లోని లైబ్రరీనీ పరీక్షించాడు. ప్రోగ్రామ్ అరవైనాలుగు బిట్లది. లైబ్రరీ ముప్ఫైరెండు బిట్లది. పేరు సరైనదే, రకం వేరు. రెంటికీ పొత్తు కుదరదు.

పిస్టల్ తీశాడు. "ఈ ఫోల్డర్ వాడమని చీఫ్‌కి చెప్పింది మీరేనా?"

"అయ్యో, కాదండీ! ఇది పాత కంప్యూటర్ల కోసం ఉంచిందండీ. కొత్తది పక్క ఫోల్డర్లో ఉందని చీఫ్ గారికి చెప్పేను కదండీ."

మాట తడబడలేదు. అదే స్టీఫెన్‌కి నచ్చలేదు. అబద్ధం అలవాటైనవాళ్లే ఇంత నిబ్బరంగా ఉంటారు.

టైమర్ చివరి నిమిషంలోకి జారింది.

చెవిలో చీఫ్ గొంతు: "లైబ్రరీ మార్చేసింది లిడియానే! కాల్చెయ్!"

ట్రిగ్గర్ మీద వేలు ఆగిపోయింది. మైక్ ఆపేసి ఉండగా లైబ్రరీ గొడవ చీఫ్‌కి ఎవరు చెప్పారు?

పిస్టల్ బల్లమీద పెట్టి, పెన్‌డ్రైవ్‌లో ప్రోగ్రామ్‌ని నడిపించే స్క్రిప్ట్ తెరిచాడు. చీఫ్ రాసిన మొదటి లైనే ప్రోగ్రామ్‌ని పాత ఫోల్డర్‌కి పంపుతోంది. పక్క ఫోల్డర్లో లైబ్రరీని పరీక్షించాడు. అరవైనాలుగు. దారి మార్చి రన్ కొట్టాడు.

ఒక్క సెకను మిగిలుండగా టైమర్ ఆగింది.

"హమ్మయ్య! కాల్చేస్తారనుకున్నానండీ," లిడియా కుర్చీలో కూలబడింది.

"నేనూ అలాగే అనుకున్నాను. క్షమించండి."

ఆమె ఫోన్లోంచి చీఫ్ సంగతి ఢిల్లీకి కబురు పెట్టి, అప్పుడు మైక్ ఆన్ చేశాడు.

"పనయ్యిందా?" అడిగాడు చీఫ్.

"అయింది సార్. ఆఫీసు టీ ఇప్పుడే తాగెయ్యండి. జైల్లో టీ బాగోదట."