కొట్టం దాటిన రోజు

పొద్దున్నే వెళ్ళిన పాల వ్యాను గంట తిరక్కుండానే వెనక్కి వచ్చింది. బకెట్లు కడుగుతున్న కోడలు చెయ్యి ఆపి చూసింది. భర్త దిగి, నిండు క్యాన్లు ఒక్కొక్కటే కిందికి దించుతున్నాడు.

"పాలల్లో మందు ఆనవాళ్ళున్నాయట. డెయిరీవాళ్ళు మొత్తం వద్దన్నారు," అన్నాడు.

ఇద్దరూ కొట్టం వైపు చూశారు. పొదుగు కాస్త వాస్తే చాలు, ఎవరికీ చెప్పకుండా సూది వేసెయ్యడం మామగారి అలవాటు. సిమెంటు నేల మీద మెడకో పలుపుతో ముప్పై ఆవులు. ఒకదానికి తగ్గితే ఇంకోదానికి వాపు. పాలన్నీ గోతిలో పారబోస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు.

కాఫీల వేళకి కోడలు కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆవుల్ని కట్టేసి పెంచడం మాని పచ్చికలో మేపేవాళ్ళకి ప్రభుత్వం మూడేళ్ళు అండగా ఉంటుంది. తగ్గిన పాలకు పరిహారం ఇస్తుంది, కంచె ఖర్చులో సగం భరిస్తుంది, నెలనెలా పశువైద్యుణ్ణి పంపుతుంది. బదులుగా మందలో పన్నెండింటిని తగ్గించాలి. జబ్బు చేస్తే తప్ప మందు ముట్టకూడదు. భూమి మామగారిది కాబట్టి సంతకం ఆయనే చెయ్యాలి.

"పన్నెండు ఆవుల్ని తోలేస్తే మిగిలేదేంటి?" అన్నాడాయన.

"పద్దెనిమిది మామయ్యా."

భర్త నవ్వాపుకోలేక గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"పాల ప్యాకెట్లు చూసి పెరిగినదానివి, నాకు పాడి నేర్పుతావా? మూడేళ్ళయ్యాక వాళ్ళు చేతులెత్తేస్తే?"

"ప్యాకెట్ల మాట నిజమే. కానీ ఎనిమిదేళ్ళుగా పాలు పితుకుతున్నది నేను. ఏ ఆవు ఏ కాలు కుంటుతుందో నన్నడగండి. ఇలా మారినవాళ్ళ దగ్గర వారం ఉండి చూసొచ్చాను. సాయం ఆగేసరికి మన కాళ్ళమీద మనం నిలబడతాం. నాకా నమ్మకముంది."

"అంటే ఇన్నాళ్ళూ నేను చేసిందంతా తప్పంటావ్."

ఆయన కాగితాలు పక్కకి నెట్టాడు. కోడలు వాటిని మళ్ళీ ఆయన ముందుకి జరిపింది.

"తప్పని ఎవరన్నారు? అప్పట్లో కొట్టం కట్టండి, కట్టేసి పెంచండి అని చెప్పిందీ ప్రభుత్వమే కదా. చెప్పినవాళ్ళే మారారు. మనం మారితే చిన్నతనమేముంది?"

అత్తగారు వంటింట్లోంచి వచ్చింది. "కుంటి ఆవుల గిట్టలు చెక్కీ చెక్కీ మీ నడుం పడిపోయింది. సంతకం పెట్టండి."

"నువ్వూ దాని పార్టీయేనా?"

"నాది ఆవుల పార్టీ."

ఆయన పెన్ను నొక్కి మరీ సంతకం పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా లేచి వెళ్ళిపోయాడు.

ప్రభుత్వం తరఫున అధికారిణి వచ్చి పొలం చూసింది. కంచె లేచింది. పన్నెండు ఆవుల్నీ వేరే పాడివాళ్ళకి అప్పగించడానికి ఆయనే స్వయంగా వెళ్ళాడు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

చివరికి కొట్టం తలుపులు తెరిచిన రోజు ఎవరూ అనుకోనిది జరిగింది. పలుపులు విప్పినా ఆవులు బయటికి రాలేదు. సిమెంటు అయిపోయే చోట ఆగి, మట్టిని వాసన చూసి వెనక్కి తగ్గాయి. అవి ఆ కొట్టంలోనే పుట్టి పెరిగినవి. భర్త వెనకనుంచి తోశాడు, కోడలు ముందు నిలబడి దాణా చూపించింది. ఒక్కటీ కదల్లేదు. మొదటిసారి ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు.

గోడకి ఆనుకుని చూస్తున్న మామగారు చెప్పులు వదిలి పచ్చికలోకి నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"దా తల్లీ, దా. నేనున్నాగా."

పెద్దావు ఒక కాలు మోపింది. తర్వాత రెండోది. దాని వెనకే మిగతావి బారుగా వచ్చాయి. ఉన్నట్టుండి ఒక ఎర్రావు తోకెత్తి, లేగదూడలా గెంతుతూ కంచెదాకా పరుగెత్తింది.

ఆయన గడ్డి మీద కూలబడ్డాడు. కోడలు కంగారుగా దగ్గరికి వెళ్ళేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

"దానికి ఆరేళ్ళమ్మా. పుట్టేటప్పుడు బయటికి లాగింది నేనే. దానికి గెంతడం వచ్చని నాకు తెలీదు."

ఆమె పక్కనే కూర్చుంది.

"రేపు పాలు పితకగానే వదిలేద్దామా మామయ్యా?"

"మంచు ఆరనివ్వు. తడి గడ్డి మేస్తే కడుపుబ్బుతుంది," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "ఎప్పుడు వదలాలో నేను చూసి చెప్తాలే."

"మీరు చెప్పాకే వదులుతాను," అంది కోడలు.